సొంత కారులో హైదరాబాద్ నుంచి నేపాల్, భూటాన్: ఏ కాగితాలు కావాలి, హిందీ రాకపోతే ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కూకట్‌పల్లి నుంచి సొంత కారులో మీరు, మీ ఆవిడ, 68 ఏళ్ల నాన్నగారు, 8 ఏళ్ల బాబు దసరా సెలవుల్లో నేపాల్ వెళ్లాలనుకుంటున్నారు. వీలైతే అటునుంచి అటే భూటాన్. కారు నాన్నగారి పేరు మీద ఉంది, బ్యాంకు లోన్ ఇంకా నడుస్తోంది. మీ హిందీ అంతంతమాత్రం, నేపాలీ అసలే రాదు. ఏజెంట్‌ను పెట్టుకోవాలా, ఇంటర్నేషనల్ లైసెన్స్ తీయాలా, పోలీసు ఆపితే ఏం మాట్లాడాలి అన్నది మీ టెన్షన్.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. నిక్షేపంగా వెళ్లొచ్చు. నేపాల్‌కి వీసా అక్కర్లేదు, ఏజెంట్ అక్కర్లేదు, ఇంటర్నేషనల్ లైసెన్స్ కూడా అక్కర్లేదు. మన లైసెన్స్ రెండు దేశాల్లోనూ చెల్లుతుంది. భూటాన్‌లోకి మాత్రం కారు వద్దంటాను, ఎందుకో కింద లెక్క వేసి చూపిస్తాను. భాష గురించి మీరు పడుతున్న భయంలో సగం తీసి పేర్ల మీద పెట్టండి. మీ నలుగురి కాగితాల మీద పేర్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా అన్న దగ్గరే మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కుంటారు.

నేనెవరో చెప్పాలి కదా. మల్కాజిగిరిలో ఇరవై ఏళ్లుగా డాక్యుమెంట్ రైటర్‌ని. సేల్ డీడ్లు, గిఫ్ట్ డీడ్లు, అఫిడవిట్లు రాయడమే నా బతుకుతెరువు. కారులో మూడుసార్లు నేపాల్ వెళ్లొచ్చాను, ఒకసారి భూటాన్. మొదటిసారి సరిహద్దు కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు, ఇది మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసే కదా అనిపించింది. అదే అద్దం, అదే కన్నం, అదే "ఇంకో జిరాక్స్ తీసుకురండి". అద్దం వెనక మనిషి మన మాట వినడు. ఈ కాగితంలో పేరు, ఆ కాగితంలో పేరు ఒకటేనా అని చూస్తాడు, అంతే.

మన పేర్ల తంటా ఇక్కడే మొదలవుతుంది. మనం ఇంటిపేరు ముందు పెడతాం, దాన్ని మళ్లీ ఒక్క అక్షరానికి కుదిస్తాం. ఆర్‌సీలో "కె. వెంకటేశ్వరరావు" అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో "కొండూరు", పేరు గడిలో "వెంకటేశ్వర రావు". ఆధార్‌లో అంతా కలిపి, స్పెల్లింగ్‌లో ఒక అక్షరం ఎక్కువో తక్కువో. ముగ్గురూ ఒక్కడే అని మనకు చూడగానే తెలుస్తుంది. గోరఖ్‌పూర్ దాటాక ఆ 'కె' సంగతి ఎవరికీ తెలియదు. వాళ్ల లెక్కలో పేరు చివర ఉండేదే ఇంటిపేరు. అంటే మీ నాన్నగారు రావుగారు, మీరు కుమార్‌గారు. "తండ్రీకొడుకులంటున్నారు, ఇంటిపేర్లు వేరేమిటి?" అని నన్ను నిజంగానే అడిగారు. నవ్వొచ్చింది గానీ జవాబు చెప్పడానికి పావుగంట పట్టింది.

ఆడవాళ్లకు ఇంకో మెలిక ఉంటుంది. ఓటరు కార్డు పెళ్లికి ముందుది, పుట్టింటి ఇంటిపేరుతో. పాస్‌పోర్టు పెళ్లయ్యాక తీసుకున్నది, అత్తింటి ఇంటిపేరుతో. మీ ఆవిడ కార్డులు రెండూ పక్కపక్కన పెట్టి ఇవాళే చూడండి.

చేయాల్సిన పని: ఒక తెల్ల కాగితం మీద నలుగురి పేర్లూ, ఒక్కో కార్డు మీద ఎలా ఉందో అక్షరం మారకుండా రాసుకోండి. తేడా కనిపించినవాళ్లకు, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి అని 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద ఇంగ్లిష్‌లో అఫిడవిట్ రాయించి నోటరీ చేయించండి. మా దగ్గర దీన్ని సేమ్ పర్సన్ అఫిడవిట్ అంటారు. మీ పెళ్లి సర్టిఫికెట్ కాపీ కూడా పెట్టుకోండి. పరాయి దేశంలో దానికి చట్టం ప్రకారం ఎంత విలువ అని మీరు అడగొచ్చు. విలువ సంగతి అటుంచండి, కన్నంలోంచి ప్రశ్న వచ్చినప్పుడు లోపలికి తోయడానికి మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది. సీలు, సంతకం ఉన్న కాగితాన్ని చూసి గుమాస్తా మెత్తబడడం నేను మూడు సరిహద్దుల్లో చూశాను.

ఇక ఎవరికి ఏ కార్డు అన్నది. రోడ్డు మీద నేపాల్ వెళ్లే భారతీయులకు పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చాలదు. అయితే 65 దాటినవాళ్లకూ, 15 లోపు పిల్లలకూ ఈ నియమం నుంచి సడలింపు ఉంది. వయసు, గుర్తింపు తెలిసేలా ఫోటో ఉన్న కార్డు ఏదైనా చాలు, ఆధార్ అక్కడ పనికొస్తుంది. కాబట్టి నేపాల్ వరకు మీ నాన్నగారికి, బాబుకు ఆధార్ సరిపోతుంది. మీకూ మీ ఆవిడకూ సరిపోదు. భూటాన్‌కి ఈ సడలింపు లెక్కలోకి రాదు. పెద్దవాళ్లందరికీ పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాల్సిందే, పాస్‌పోర్టయితే ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. బాబుకు పాస్‌పోర్టు గానీ బర్త్ సర్టిఫికెట్ గానీ పట్టుకెళ్లండి. రెండు దేశాలూ ఒకే ట్రిప్పులో అనుకుంటే నలుగురికీ పాస్‌పోర్టులు ఉండడం అన్నిటికంటే హాయి.

కారు నాన్నగారి పేరు మీద ఉండటం మీకు కలిసొచ్చే విషయమే, ఎందుకంటే ఆయన కారులోనే ఉంటారు. ఓనర్ పక్కన కూర్చుని ఉండగా మీరు నడిపితే ఎవరూ ఏమీ అనరు. స్నేహితుడి కారో, ఆఫీసు కారో అయితే ఓనర్ ఇచ్చిన అనుమతి పత్రం నోటరీ చేయించి తీసుకెళ్లాలి. లోన్ సంగతికొస్తే, ఆర్‌సీ మీద బ్యాంకు పేరు కనిపిస్తుంది కాబట్టి, బండిని ఫలానా తేదీల్లో దేశం బయటికి తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదని బ్యాంకు లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు రాయించుకోండి. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అయినా ప్రతిసారీ తీసుకెళ్లాను.

ఫోన్‌లో ఉన్న కాగితాన్ని కాగితం అనుకోకండి. డిజీలాకర్, ఎంపరివాహన్ మన దేశంలో చెల్లుతాయి. గీత దాటితే అది ఒట్టి ఫోటో. నేపాల్ సరిహద్దులో మన వైపు ఊరు సోనౌలీలో నా ముందు వరుసలో విజయవాడ నుంచి వచ్చిన కుటుంబం ఉంది. ఆర్‌సీ ఇంట్లో బీరువాలో, ఫోన్‌లో మాత్రం పచ్చగా టిక్ మార్కుతో ఉంది. పాపం అటూ ఇటూ తిరిగి, చివరికి కారు ఇవతలే పార్కింగ్‌లో పడేసి బస్సెక్కి లుంబినీ వెళ్లారు. ఆర్‌సీ, లైసెన్స్, పొల్యూషన్, ఇన్సూరెన్స్ అన్నీ ఒరిజినల్స్ ఉండాలి. వాటికి తలా ఐదు జిరాక్సులు, అందరివీ పాస్‌పోర్టు సైజు ఫోటోలు. ఇంకో చిన్న పని చేయండి. మన ఆర్‌సీ స్మార్ట్ కార్డు మీద ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. సాయంత్రం ఆరున్నరకి, మసక బల్బు కింద, కళ్లజోడు లేని గుమాస్తా ఆ నంబర్లు చూసి రాస్తాడు. తప్పు రాస్తే ఆ తప్పు మీ పర్మిట్ మీద ఉండిపోతుంది. అందుకే ఆర్‌సీ రెండువైపులా ఏ4 కాగితం నిండా పెద్దది చేసి ప్రింట్ తీయించండి. పది రూపాయల పని.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. మన మోటార్ పాలసీ మామూలుగా దేశం లోపలే పనిచేస్తుంది. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు, ఈ ఆరు దేశాలకు విడిగా పొడిగింపు తీసుకోవచ్చు. దాన్ని జియోగ్రాఫికల్ ఎక్స్‌టెన్షన్ అంటారు, ఎండార్స్‌మెంట్ నంబరు ఐఎంటీ 1. మోటార్ టారిఫ్‌లో ప్యాకేజీ పాలసీకి, అంటే మన బండికి జరిగే నష్టం కూడా కవరయ్యేదానికి, దాని ధర 500 రూపాయలే. మా ఏజెంట్‌ని అడిగితే "అలాంటిదేం లేదు సార్" అన్నాడు. నంబరు చెప్పాక రెండు రోజుల్లో మెయిల్‌లో వచ్చింది. కాబట్టి మీరు ఏజెంట్‌తో నంబరుతోనే మొదలుపెట్టండి.

ఇప్పుడు సరిహద్దు. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్ మీదుగా సోనౌలీ దాదాపు 1,500 కిలోమీటర్లు. పెద్దాయన, పిల్లాడు ఉన్నారు కాబట్టి మూడు రోజులు పెట్టుకోండి. గేటు దాటాక నేపాల్ వైపు కస్టమ్స్ ఆఫీసు ఉంటుంది, దాన్ని వాళ్లు భంసార్ అంటారు. ఊళ్లో ఎవరిని అడిగినా "భంసార్" అన్న ఒక్క మాట చాలు, వేలు పెట్టి చూపిస్తారు. అక్కడ ఆర్‌సీ, లైసెన్స్, మీ గుర్తింపు కార్డు చూపించి, ఎన్ని రోజులుంటారో చెప్పి, రోజుకింత అని డబ్బు కట్టాలి. రసీదు ఇస్తారు, ఆ రసీదే మీ బండికి వీసా. దాని తర్వాత యాతాయాత్, అంటే రవాణా పర్మిట్, వేరే కౌంటర్‌లో. రెండూ అయ్యాకే బండి కదపండి. వెళ్లేటప్పుడు ఒక సరిహద్దు, వచ్చేటప్పుడు ఇంకో సరిహద్దు అయితే ఆ మాట మొదటే చెప్పండి. రోజులు ఒకటి రెండు ఎక్కువే కట్టండి, కొండ విరిగి రోడ్డు మూసుకుపోతే ఆ రెండు రోజులే కాపాడతాయి.

రసీదు చేతికి రాగానే జేబులో పెట్టేయకండి. నా కథ వినండి. 2023 దసరాకి వెళ్లాం. అక్టోబర్ 20న సోనౌలీ దాటాం, పది రోజులకు కట్టాం. రసీదు మీద గడువు "కార్తీక్ 12, 2080" అని దేవనాగరి అంకెల్లో రాసి ఇచ్చారు. నేపాల్‌లో సర్కారు కాగితాలన్నీ విక్రమ సంవత్సరం ప్రకారం నడుస్తాయి, మన ఇంగ్లిష్ సంవత్సరం కంటే 56, 57 ఏళ్లు ముందుంటుంది. 2080 చూసి మా అబ్బాయి "మనకి యాభై ఏళ్లకి పర్మిట్ ఇచ్చారు నాన్నా" అన్నాడు. అది జోకు. అసలు దెబ్బ కార్తీక్ దగ్గర పడింది. మా మామగారికి పంచాంగం కొట్టిన పిండి. "కార్తీకం అంటే దీపావళి వెళ్లాక కదయ్యా, ద్వాదశి దాకా బోలెడు టైముంది" అని తేల్చేశారు. నేనూ సరే అనుకున్నాను. పోఖరాలో ఇంకో నాలుగు రోజులు ఉందామని హోటల్ వాళ్లను అడిగితే, రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి రసీదు చూసి, గోడ మీద క్యాలెండర్ దగ్గరికి తీసుకెళ్లింది. వాళ్ల కార్తీక్ సౌరమానం, అక్టోబర్ 18నే మొదలైపోయింది. మన కార్తీకమాసం ఆ ఏడాది నవంబర్ 14న గానీ రాలేదు. వాళ్ల కార్తీక్ 12 అంటే అక్టోబర్ 29. అప్పటికి మా చేతిలో ఉన్నది ఒక్క రోజు. తెల్లారుజామున నాలుగింటికి సామాను సర్దుకుని బుట్వల్ ఘాట్ రోడ్డు దిగడం నేను ఎప్పటికీ మర్చిపోను. మామగారు దారంతా పంచాంగం ఊసెత్తలేదు.

కాబట్టి రసీదు తీసుకున్న చోటే గుమాస్తాను అడిగి ఇంగ్లిష్ తేదీ పెన్నుతో పక్కన రాయించుకోండి. ఎక్కువ రోజులు కావాలంటే గడువు లోపలే కస్టమ్స్ ఆఫీసుకి వెళ్లి కట్టుకోవాలి. దాటిపోతే జరిమానా. అంకెలు కూడా సరిచూసుకోండి, దేవనాగరి ఒకటి మన కంటికి ఇంగ్లిష్ తొమ్మిదిలా కనిపిస్తుంది. గడియారం కూడా మనకంటే 15 నిమిషాలు ముందు, మీరు నాలుగుంపావు అనుకునేసరికి వాళ్లకు నాలుగున్నర.

ఏజెంట్లు. సోనౌలీలో కారు ఆగకముందే కిటికీ దగ్గరికి వస్తారు. "లైన్ లేకుండా చేయిస్తా సార్" అని మొదలుపెట్టి, మన బండి నంబరు చూసి "హైదరాబాదా, బిర్యానీ" అని చుట్టరికం కలుపుతారు. మొదటిసారి నేనూ పడ్డాను. ఒకతను ఫైల్ పట్టుకుని లోపలికి పోయి అరగంటలో రసీదు తెచ్చాడు. ఎనిమిది రోజులకు డబ్బు తీసుకుని ఐదు రోజులకే కట్టాడని రసీదు చదవడం వచ్చిన మనిషి కాఠ్‌మాండూలో చెప్పేదాకా తెలియలేదు. ఆ మూడు రోజులకూ మళ్లీ కట్టాను. కౌంటర్ దగ్గర మీరే నిలబడితే అయ్యేది మహా అయితే గంట ఆలస్యం. డబ్బు సంగతి చెప్పాలంటే, మన రూపాయికి వాళ్లది ఒకటీ అరవై పైసలు, చాలా ఏళ్లుగా అదే రేటు. మన 100 నోట్లు ఎక్కువగా పెట్టుకోండి. క్యూఆర్ కోడ్‌తో యూపీఐ 2024 నుంచి చాలా దుకాణాల్లో నడుస్తోంది. అయినా కౌంటర్ల దగ్గర నోట్లే నమ్ముకోండి.

ఇక మీరు అన్నిటికంటే ఎక్కువ భయపడుతున్న భాష. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కగానే తెలుగు అయిపోతుంది. అక్కడి నుంచి సోనౌలీ దాకా హిందీతోనే గడవాలి. మీకు వచ్చిన ముక్కలు చాలు. ఒక జాగ్రత్త మాత్రం. మన హైదరాబాద్ హిందీ అక్కడ వేరే అర్థాలిస్తుంది. వద్దు అనడానికి మన "నక్కో" అంటే యూపీ ధాబాలో కుర్రాడు అయోమయంగా చూస్తాడు. అది పోనీయండి, "పర్సోం" మాత్రం వాడకండి. మనకు పర్సోం అంటే మొన్నటి నుంచి పోయినేడాది దాకా ఏదైనా కావచ్చు, జరిగిపోయినదాని గురించైతే వాళ్లకు అది కచ్చితంగా మొన్నే. నేపాల్‌లో ముగ్లింగ్ అనే ఊరి దగ్గర పోలీసు ఆపి హిందీలోనే "ఎప్పుడొచ్చారు?" అన్నాడు. నేను నోరు జారి "పర్సోం" అన్నాను. రసీదు చూస్తే ఆరు రోజుల కిందటి తేదీ. అంతదాకా నవ్వుతూ మాట్లాడినవాడు డిక్కీ తెరవమన్నాడు. అప్పటి నుంచి నేను తేదీ నోటితో చెప్పను, రసీదు చేతికిస్తాను.

అంకెలూ అంతే. హిందీ అంకెలు యాభై దాటాక మనకు ఒక పట్టాన తెగవు. డబ్బు మాట వచ్చినప్పుడల్లా ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి ఎదుటివాళ్ల చేతికివ్వండి, వాళ్లే కొట్టి చూపిస్తారు. ఇంకా మంచి పని, బయల్దేరేముందు హిందీ రాయడం వచ్చిన ఎవరిచేతనైనా ఒక చీటీ రాయించుకోండి: హైదరాబాద్ నుంచి వస్తున్నాం, నలుగురం, పర్యాటకులం, ఫలానా చోటికి వెళ్తున్నాం, ఇన్ని రోజులు ఉంటాం, బండి ఓనర్ మా నాన్నగారు, పక్కనే ఉన్నారు. నేపాలీకీ అదే లిపి కాబట్టి రెండు దేశాల్లోనూ పనికొస్తుంది. మా చీటీని ల్యామినేషన్ చేయించి అద్దం మీద సన్ షేడ్‌లో పెట్టుకున్నాం. మీ కారు కొత్తదైతే నంబరు టీజీతో మొదలవుతుంది కదా, 2024 మార్చి నుంచి వచ్చిన మార్పు అది. ఉత్తరాదిలో "ఇదెక్కడి నంబరు?" అని ఆపిన సందర్భం మా తమ్ముడి కారుకి ఉంది. చీటీలో తెలంగాణ అని కూడా రాయించండి.

నేపాల్ లోపల మీకు ఒక తమాషా కనిపిస్తుంది. మాట అర్థం కాదు గానీ బోర్డులు అర్థమవుతాయి. సర్కారు నేపాలీ నిండా సంస్కృతమే. కార్యాలయ, ప్రవేశ, నిషేధ, అనుమతి, శుల్క, ఇవన్నీ మనవే కదా. దేవనాగరి కూడబలుక్కుని చదవగలిగితే సగం బోర్డులు తెలుగు బోర్డుల్లాగే ఉంటాయి. కొన్ని మాత్రం మోసం చేస్తాయి. జీపు మీద "ప్రహరీ" అని రాసి ఉంటే మా మామగారు "గోడలు కట్టేవాళ్ల బండా?" అన్నారు. ప్రహరీ అంటే అక్కడ పోలీసు. "శిక్షా" అని కనిపిస్తే జైలు అనుకోకండి, అది చదువుకు సంబంధించిన ఆఫీసు. "ఉచిత మూల్య" అని దుకాణం మీద చూసి మా ఆవిడ ఫ్రీగా ఇస్తున్నారనుకుని లోపలికి వెళ్లింది. వాళ్ల ఉచితం అంటే సరైనది, తగినది. పప్పు ప్యాకెట్ పట్టుకుని డబ్బు కట్టి బయటికి వచ్చింది.

నేర్చుకోవాల్సిన మాటలు ఎక్కువ లేవు. మగవాళ్లను దాయి, ఆడవాళ్లను దీదీ అని పిలవండి, మన అన్నా, అక్కా లాగే. హున్ఛ అంటే సరే, హుందైన అంటే కుదరదు. కతి అంటే ఎంత. బాటో అంటే దారి, పహిరో అంటే కొండచరియ విరిగిపడటం. ఎవరైనా చేయి అడ్డం పెట్టి "పహిరో, బాటో బంద" అంటే మారు మాట్లాడకుండా బండి పక్కకు తీయండి. ఫోన్‌లో అనువాదం యాప్‌కి నేపాలీ ప్యాక్ హైదరాబాద్‌లో వైఫై మీదే దించుకోండి, ఘాట్ రోడ్లలో సిగ్నల్ ఉండదు. అక్కడి సిమ్ కావాలంటే ఎన్‌సెల్, నేపాల్ టెలికాం రెండూ దొరుకుతాయి, ఫోటో, గుర్తింపు కార్డు జిరాక్స్ అడుగుతారు.

నాన్నగారి మందులకు డాక్టర్ చీటీ ఒరిజినల్ పెట్టుకోండి. మందు అసలు పేరు ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాల్లో రాయించండి, బ్రాండు పేర్లు అన్నిచోట్లా ఒకటి కావు.

భూటాన్ లెక్క ఇప్పుడు చూద్దాం. నేపాల్ తూర్పు చివర కాకర్‌భిట్టా దగ్గర మన దేశంలోకి వచ్చి, సిలిగురి మీదుగా జయగావ్ చేరతారు. గేటు అవతల భూటాన్ ఊరు ఫుంట్‌షోలింగ్. భారతీయులకు వీసా లేదు గానీ పర్మిట్ ఉంది, దానితోపాటు ఎస్‌డీఎఫ్ అనే పర్యాటక రుసుము. పెద్దవాళ్లకు రాత్రికి 1,200 నుల్ట్రమ్, వాళ్ల ఒక నుల్ట్రమ్ మన ఒక రూపాయితో సమానం. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సగం. మీ ముగ్గురికి 3,600, బాబుకు 600, మొత్తం రాత్రికి 4,200. దీనిపైన మన కారుకి రోజుకి 4,500. అంటే మీ నలుగురికంటే మీ కారే ఎక్కువ కడుతుంది. అందుకే కారు జయగావ్‌లో రసీదు ఇచ్చే మంచి పార్కింగ్ చూసి పెట్టేసి, అక్కడి ట్యాక్సీ మాట్లాడుకోండి. కొండ రోడ్లు వాళ్లకు కొట్టిన పిండి, మీ నాన్నగారికీ నడుము నొప్పి తప్పుతుంది. హోటల్ బుకింగ్ ప్రింట్ చూపించాలి. థింఫూ, పారో దాటి వెళ్లాలంటే గైడ్ తప్పనిసరి. భాష బాధ అక్కడ దాదాపు లేదు, ఆఫీసుల్లో ఇంగ్లిష్ బాగా మాట్లాడతారు, బజారులో హిందీ నడుస్తుంది. రూల్ మాత్రం రూలే. నా ఓటరు కార్డు మీద ఫోటో మాసిపోయి ఉంటే, మర్యాదగా కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, పాస్‌పోర్టు చూపించేదాకా కదలనివ్వలేదు. గడియారం మనకంటే అరగంట ముందు.

దసరా అన్నారు కాబట్టి ఒక మాట. మన దసరానే వాళ్లకు దసైన్, ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పండగ. ఊళ్లకు ఊళ్లే సొంతూళ్లకు పోతాయి, బస్సులు కిటకిట, కౌంటర్లలో సగం కుర్చీలు ఖాళీ. 2023లో మాకు రెండో కౌంటర్ దగ్గరే రెండున్నర గంటలు పట్టింది. విజయదశమి నాటికి మీరు సరిహద్దు దాటేసి ఉండేలా చూసుకోండి. ఆ రోజు లోపల ఉంటే ఎవరింటికి వెళ్లినా నుదుట బియ్యం, పెరుగు కలిపిన ఎర్రని తిలకం పెడతారు, నాన్నగారికి నచ్చుతుంది. మామూలు రోజుల్లో శనివారం వారపు సెలవు.

ఇంటర్నేషనల్ లైసెన్స్ ఎప్పుడు కావాలంటారా? ముందుముందు ఇంకా దూరం, యూరప్ దాకా అనుకుంటే అప్పుడు తీసుకోండి. ఆర్టీఏలో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. ఇరాన్ లాంటి దేశాల్లోకి బండి తీసుకెళ్లాలంటే కార్నే అనే పుస్తకం కూడా కావాలి, బండిని అక్కడ అమ్మేయకుండా వెనక్కి తెస్తామని హామీ. దాన్ని ఆటోమొబైల్ అసోసియేషన్లు బ్యాంకు గ్యారంటీ మీద ఇస్తాయి. మీ ఈ ట్రిప్పుకి ఆ రెండిటి జోలికి పోనక్కర్లేదు.

పేర్ల పట్టిక రాశాక అందులో ఎక్కడైనా తేడా కనిపిస్తే, కార్డు నంబర్లు, ఫోటోలు ఇక్కడ పెట్టకుండా, తేడా ఏమిటో మాత్రం రాయండి. అఫిడవిట్‌లో వాక్యం ఎలా ఉండాలో చెప్తాను.